తోడు వెయ్యని పాలు

ఆ ఇంట్లో పెరుగుకి తోడు దాచే అలవాటు లేదు. పొద్దున్నే పాలు కాచి, గోరువెచ్చగా చల్లారనిచ్చి, వదిన ఆ గిన్నెని రెండు చేతుల మధ్యా కాసేపు పట్టుకునేది. ఊరికే పట్టుకునేది కాదు, అత్తగారితో ఏదో ఒకటి మాట్లాడుతుండేది. పిల్లి మళ్ళీ అటకెక్కిందనో, నూనె అడుగంటిందనో, పక్కింటి కోడలు ఈమధ్య నవ్వడం మానేసిందనో. మాటలయ్యాక గిన్నె గట్టు మీద పెట్టి, మూతేసి, పెరట్లోకి వెళ్ళిపోయేది. పావురాల పని చూసుకుని తిరిగొచ్చేసరికి పాలు గట్టిగా తోడుకుని ఉండేవి. గిన్నె వంచినా జారేవి కావు.

"ఆవిడ చెయ్యి అలాంటిది" అనుకునేవాళ్ళు వీధిలో, ఫలానాయనది ఎడమచేతి వాటం అనుకున్నట్టు. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. చలి ముదిరి పాలు తోడుకోని రోజుల్లో ఇరుగుపొరుగువాళ్ళు గిన్నె పట్టుకుని గుమ్మంలోకొచ్చి, "కాస్త పట్టుకుందురూ" అనేవాళ్ళు. ఆవిడ చేతులు తువ్వాలుకి తుడుచుకుని, వాళ్ళ పిల్లల చదువుల సంగతి అడుగుతూ గిన్నె పట్టుకునేది.

ఇంటి వెనక రేకుల షెడ్లలో పావురాల పెంపకం. పిల్లలు ఒళ్ళు చేసి, రెక్కలొచ్చి ఇంకా ఎగరడం రాని వయసులో హోటళ్ళకి వెళ్ళిపోతాయి. వ్యాపారం మొదలుపెట్టింది అన్న, వదిన భర్త. గూళ్ళ చెక్కలు తనే కోసి, తనే మేకులు కొట్టాడు. రెక్కల దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. ఆ తర్వాత షెడ్లు తమ్ముడి చేతికొచ్చాయి. ఇంటికి చిన్నవాడు కాబట్టి అందరూ అతన్ని చిన్నోడు అనేవాళ్ళు. నెత్తిన జుట్టు పల్చబడ్డా ఆ పిలుపు మారలేదు. వదిన ఆ ఇంటికొచ్చేనాటికి అతను బడికెళ్తున్నాడు. లెక్కలు రాక ఏడుస్తుంటే పక్కన కూర్చుని గింజలతో కూడికలు నేర్పించింది ఆవిడే. పెళ్ళి మాటెత్తితే మేత గదిలోకి దూరిపోయేవాడు. ఇంట్లో అతనూ, అమ్మా, వదినా, అంతే.

వదిన పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళి, నీళ్ళ తొట్లు కడిగి, కొత్త నీళ్ళు పోసి, ఒక్కోదాన్ని చేత్తో ఓసారి కలియతిప్పేది. ఈకో పుల్లో ఉంటే చేతికి తగులుతుందని. ఆ నీళ్ళకి ఎప్పుడూ రవంత పులుపు వాసన ఉండేది, నిన్నటి మజ్జిగ గిన్నెలో నీళ్ళు పోసినట్టు. పావురాలు తాగేవి, గుడ్లు పెట్టేవి, మగదీ ఆడదీ వంతులేసుకుని పొదిగేవి. పిల్లలు పుట్టాక రెండూ గొంతు కింది సంచిలో ఊరిన పాలు కక్కి పిల్లల నోట్లో పోసేవి. పక్క ఊళ్ళ షెడ్లలో రోగాలొచ్చి గంపలకి గంపలు పారబోస్తుంటే ఇక్కడ మాత్రం ఏమీ కాలేదు. అన్న కట్టిన గూళ్ళలో గాలి బాగా ఆడుతుందని చిన్నోడు అనుకునేవాడు. వదిన కూడా అదే అనుకునేది.

ఒకరోజు పెద్ద హోటలు తరఫున కొనుగోళ్ళు చూసే మనిషి వచ్చాడు. తళతళలాడే బూట్లేసుకుని, అవి ఎక్కడ పెట్టాలో తెలియక షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డాడు. అతను ఒప్పుకుంటే చిన్నోడికి ఇక చిల్లర బేరాలు తప్పుతాయి. చిన్నోడు ఆరాటంగా గూళ్ళు చూపిస్తున్నాడు. అప్పుడే వదిన తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతోంది. ఆ మనిషి ముక్కెగబీల్చి, "ఏదో పులిసిన వాసన" అన్నాడు. ఆవిడ చేతికేసి చూశాడు.

చిన్నోడి మొహం వేడెక్కింది. "వదినా! చెయ్యి తియ్యి ముందు. నీకెన్నిసార్లు చెప్పాలి?"

నిజానికి అతను ఒక్కసారి కూడా చెప్పి ఉండలేదు. చెప్పే అవసరమే రాలేదు. తర్వాత ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా చెయ్యి తియ్యమనడం కంటే ఆ 'ఎన్నిసార్లు' అన్న మాటే అతన్ని ఎక్కువ బాధపెట్టేది. ముక్కూమొహం తెలియని మనిషి ముందు వదినని మాట వినని మనిషిని చేశాడు. ఆవిడ కాదనలేదు. చెయ్యి తీసి, నీళ్ళు కారుతుండగానే అవతలి గూళ్ళ వరసలోకి వెళ్ళిపోయింది.

బేరం కుదిరింది. మర్నాడు చిన్నోడు బజారు నుంచి మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు తెచ్చాడు. "షెడ్డులో వేసుకో వదినా, శుభ్రంగా ఉంటుంది" అన్నాడు. ఆవిడ అక్కడే వేసుకుని, వేళ్ళు ఓసారి ముడిచి తెరిచి, "సరిపోయాయి" అంది.

షెడ్డులో వేసుకోమంటే ఆవిడ ఇంట్లోనూ తియ్యలేదు. గిన్నెలు తోమినా తొడుగులే, బట్టలు మడతపెట్టినా తొడుగులే.

"వంటింట్లో కూడా ఎందుకే అవి?" అంది అత్తగారు.

"అలవాటు తప్పకుండా ఉంటుందని, అత్తయ్యా."

పాలు తోడుకోవడం మానేశాయి. కొట్లో డబ్బా పెరుగు కొనుక్కోవలసి వచ్చింది. "సుద్దముక్క నానబెట్టి పోసినట్టుంది" అని ముసలావిడ ప్రతిపూటా సణిగి, ప్రతిపూటా గిన్నె ఖాళీ చేసేది. గిన్నెలు పట్టుకొచ్చే ఇరుగుపొరుగువాళ్ళు గుమ్మంలో ఆ తొడుగులు చూసి, "ఇంకోసారి వస్తాంలెండి" అని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఇదంతా చిన్నోడు చూస్తూనే ఉన్నాడు. సర్దుకుంటుందిలే అనుకున్నాడు. షెడ్డు పనిలో అతనికి ఊపిరాడడం లేదు. తొట్లు బ్లీచింగుతో కడిగించాడు. మందుల కొట్టతను ముందుజాగ్రత్తకని యాంటీబయాటిక్ పొట్లాలిస్తే అవీ నీళ్ళలో కలిపాడు. బాగానే ఉన్నాయి కదాని మరోసారి కలిపాడు, ఆ తర్వాత మరోసారి. షెడ్డులో పులుపు వాసన పోయి ఆస్పత్రి వాసన పట్టుకుంది. హోటలు మనిషి ఈసారి గుమ్మం దాటి లోపలికొచ్చి మెచ్చుకున్నాడు.

వానలు పడేటప్పుడు మొదలైంది. ముందు రెట్ట పల్చబడి ఆకుపచ్చగా మారింది. తర్వాత పెద్ద పావురాలు ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని, మేత ముందే కళ్ళు మూసుకుని కూర్చున్నాయి. ఆ తర్వాత పిల్లలు పోవడం మొదలెట్టాయి. తల్లీతండ్రీ గూటి అంచున నిలబడి గొంతు కదిలిస్తాయి, పిల్ల నోరు తెరుస్తుంది, ఏమీ రాదు. మళ్ళీ కదిలిస్తాయి. చచ్చిపోయిన పిల్ల నోటికి కూడా అలాగే అందిస్తున్న జంటని చూసి చిన్నోడు బయటికొచ్చేసి గోడకి ఆనుకున్నాడు. వదిన లోపలే ఉండి, తొడుగుల చేతుల్తో ఆ పిల్లల్ని ఒక్కోదాన్నీ ఎత్తి బుట్టలో పెట్టింది.

మందుల కొట్టతను ఇంకా ఘాటైన పొట్లాలిస్తానన్నాడు. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఆ పొట్లాలు నీళ్ళలో కాదు, వాడి టీలో కలిపి చూడు. పోయి డాక్టర్ని తీసుకురా" అంది.

పశువుల డాక్టరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. రెట్ట పరీక్షకి పంపించి, జవాబొచ్చాక మళ్ళీ వచ్చింది. షెడ్డు మధ్యలో తిరగేసిన బకెట్టు మీద కూర్చుని, "ఇప్పుడు చెప్పు. ఏమేం వాడావు?" అంది.

చిన్నోడు చెప్పాడు.

"రోగం లేకుండానే?"

"రాకుండా ఉంటుందని, మేడం."

"నువ్వు ఊరుకునుంటే రాకుండానే ఉండేది." ఆవిడ ఒక పావురాన్ని ఒళ్ళో పెట్టుకుని దాని పొట్ట తడిమింది. "చూడు బాబూ, వీటి పేగుల్లో మంచి క్రిములు కాపురముంటాయి. అవి నిండుగా ఉన్నన్నాళ్ళూ చెడ్డవాటికి కూర్చోడానికి జాగా దొరకదు. నువ్వు మంచీ చెడూ చూడకుండా అందర్నీ ఖాళీ చేయించావు. ఖాళీ ఇల్లు కనిపిస్తే ముందు జొరబడేదెవరు? పోకిరీలే కదా."

సంచిలోంచి ఒక పొడి డబ్బా తీసింది. "ఇది ప్రోబయాటిక్. బతికున్న మంచి క్రిములు, నిద్రలో ఉన్నాయంతే. పరీక్షలో మందు తప్పనిసరనే జబ్బేమీ కనపడలేదు కాబట్టి ఆ యాంటీబయాటిక్ ఇవాళే ఆపెయ్. అదీ ఇదీ కలిపి ఇచ్చావంటే నువ్వే పెట్టి నువ్వే లాక్కున్నట్టు. బ్లీచింగు నీళ్ళలో వెయ్యకు, అవీ చస్తాయి. కుళాయి నీళ్ళయితే వెడల్పు గిన్నెలో ఎండకి వదిలేసి, ఆ వాసన పోయాక కలుపు. గింజలకి రెండు చుక్కల నూనె రాసి, పైన ఈ పొడి చల్లి పెట్టు. ఏ పూటకాపూట కొత్తది. ఇది మంత్రం కాదు, వారాలు పడుతుంది. చచ్చేవి కొన్ని చస్తాయి కూడా."

లేస్తూ, గొడుగు మర్చిపోయానన్నంత మామూలుగా అడిగింది. "ఇంట్లో పాలు తోడుకునే చెయ్యి ఎవరిదైనా ఉందా? మా మేనత్తకి ఉండేది. ఆవిడున్నన్నాళ్ళూ మా కోళ్ళకి జబ్బన్నది తెలీదు. ఉంటే ఆ చెయ్యి నీళ్ళలో పెట్టించు, పొడికి సాయంగా ఉంటుంది."

చిన్నోడు తలూపాడు. గాలి బాగా ఆడే గూళ్ళ కేసి ఓసారి చూశాడు.

ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, "వదినా, ఓసారి ఆ తొడుగులు తీస్తావా?" అన్నాడు.

ఆవిడ అతనికేసి చూసింది. ఇంకేమైనా అంటాడేమోనని చూసినట్టు అనిపించింది. అతను అన్నది వేరు. "డాక్టరమ్మ చెప్పింది. పావురాలకి మంచిదట."

ఆవిడ తొడుగులు లాగింది. లోపల చేతులు పాలిపోయి, నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి. అత్తగారు పాలగిన్నె అందించింది. వదిన రెండు చేతుల మధ్యా పట్టుకుంది. ఏదైనా మాట్లాడదామనుకుంది గాని మాట దొరకలేదు. ముగ్గురూ వంటింట్లోనే కూర్చుని ఎదురుచూశారు. గిన్నె వంచితే పాలు పాలలాగే అంచు దాకా జారి వచ్చాయి.

"పోయింది చిన్నోడా" అంది వదిన. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఎవరిదో వస్తువు జాగ్రత్త చెయ్యలేకపోయినందుకు నొచ్చుకుంటున్నట్టుంది.

"పర్లేదులే" అన్నాడతను. "పొడి ఉందిగా."

ముసలావిడ కొడుకు కేసి ఒక చూపు చూసి, గిన్నె తీసుకుని పాలు మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

మర్నాటి నుంచి ఇద్దరూ షెడ్డులోనే. నీళ్ళు ఎండబెట్టి, పొడి కలిపి, గింజలకి నూనె పట్టించి, పాతది పారబోసి, మళ్ళీ కొత్తది. వదిన ఇప్పుడు ఉత్త చేతుల్తోనే పని చేస్తోంది, పోయినదానికి తొడుగులెందుకన్నట్టు. తల్లీతండ్రీ రెండూ పోయిన ఒక పిల్లని ఆవిడ విడిగా తీసి పెంచింది. ఈకలు రాని ఒళ్ళు, మొహానికి మించిన ముక్కు, చూడ్డానికి ముసలాడిలా ఉండేది. మెత్తటి మేత జావలో పొడి కలిపి, చెయ్యి దొప్పలా ముడిచి అందులో పోస్తే, అది వేళ్ళ సందులోంచి ముక్కు లోపలికంటా పొడిచి, ఒళ్ళంతా ఊపుకుంటూ తాగేది. తల్లి గొంతులోంచి తాగుతున్నాననుకునేది కాబోలు. మిగిలిన జావ ఆవిడ అరచేతికి అంటుకుని ఎండిపోయేది. కడుక్కోవడానికి తీరిక ఉండేది కాదు.

డాక్టరమ్మ చెప్పినట్టే కొన్ని చచ్చిపోయాయి. మిగిలినవి మెల్లిగా కళ్ళు తెరిచాయి. ఒక పూట చిన్నోడు ఒక గూటి ముందు వంగి, "వదినా, ఇటురా!" అని కేకేశాడు. రెట్ట గట్టిపడింది, పైన చిన్న తెల్ల టోపీ పెట్టుకుంది. ఇద్దరూ దాని ముందు కూర్చుని, చంటిపిల్లాడి మొదటి పన్ను చూస్తున్నట్టు చూశారు. వదిన నవ్వింది. ఆ ఒక్క నిమిషం అన్న ఉన్న రోజుల్లా అనిపించింది. ఇప్పుడైనా ఆ రోజు అన్నదాని గురించి చెప్పేద్దామా అనుకున్నాడు చిన్నోడు. పావురాల ముందు ఏం చెబుతాం, ఇంట్లో చెబుదామనుకున్నాడు. ఇంట్లో అమ్మ ఉంది. అలా జరుపుకుంటూ పోయాడు.

ఆ తర్వాత ఒక ఉదయం వంటింట్లోంచి ముసలావిడ కేక వినిపించింది. ఇల్లు అంటుకుందేమోనని చిన్నోడు పరిగెత్తాడు. ఆవిడ గిన్నె తలకిందులుగా పట్టుకుని నిలబడి ఉంది. గిన్నెలోంచి ఒక్క చుక్క రాలడం లేదు.

"టీకి కాచిన పాలే! మీ వదిన గిన్నె పట్టుకుని పిల్లి గురించి చెప్పిందంతే. గుక్కెడు టీ లేదు గాని ఇంటికి పెరుగొచ్చింది!"

వదిన తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటోంది. పాలిపోయిన రంగు ఎప్పుడు పోయిందో ఆవిడకీ తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

చిన్నోడికి ఒళ్ళంతా తేలికైంది. నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఇంకేం వదినా! రేపట్నుంచి నీళ్ళన్నీ నువ్వే కలిపెయ్. ఇక పొడి కూడా కొననక్కర్లేదు."

ఆవిడ చేతులు కిందికి దించింది. "అలాగే" అంది.

కలిపింది కూడా, కొత్త పిల్లలతో గూళ్ళు నిండేదాకా. ఈలోగా ఆ వీధి చివర రొట్టెల బట్టీ నడిపే ఆవిడ ఒకసారి పాలగిన్నెతో వచ్చింది. చేతికేసి చూసి, "పాలు సరే, నా పిండి ఓసారి పట్టుకుని చూడకూడదూ? చలికి పొంగి చావడం లేదు" అంది. వదిన వెళ్ళింది. పిండి తొట్టి అంచు దాటి బల్ల మీదికి పొంగిందట. మర్నాడూ వెళ్ళింది. ఇరుగుపొరుగు పని కదా అని చిన్నోడు పట్టించుకోలేదు. ఒకరోజు షెడ్డు నుంచి వచ్చేసరికి గదిలో వదిన పెట్టె సర్దుకుంటోంది.

"బట్టీ పైన గది ఇస్తానంది" అంది, చీకటి పడుతోంది అన్నంత మెల్లిగా. "పొయ్యి వెచ్చదనం పైకొస్తుందట. చలికి బాగుంటుంది."

"ఎందుకొదినా? ఇక్కడేం తక్కువైంది?"

"తక్కువేం లేదు."

"మరి?"

ఆవిడ మడతపెట్టిన బట్టని మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. "ఈ చెయ్యి ఇన్నాళ్ళూ ఈ ఇంటిదనుకున్నాను చిన్నోడా. మీరు పెట్టమన్న చోట పెట్టాను, తియ్యమంటే తీశాను. పోయినప్పుడు గాని తెలియలేదు, ఇది నాదని. ఎంత ఏడ్చానో మీ ఎవరికీ తెలీదు. మళ్ళీ వచ్చింది. ఇంకోసారి పోగొట్టుకోలేను."

చెప్పాల్సింది ఇప్పుడే. అతనికి తెలుసు. గొంతు దాకా వచ్చింది. షెడ్డులో ఆ పావురాల జంటలాగే గొంతు కదిలించాడు. "మరి పావురాలు?" అన్నాడు.

"వాటికి పొడి ఉందిగా" అంది వదిన. ఎత్తిపొడిచినట్టు అనలేదు. నిజంగానే గుర్తుచేసినట్టంది. "మానకుండా ఇవ్వు. నీళ్ళు ఎండబెట్టడం మర్చిపోకు."

అత్తగారి దగ్గరికెళ్ళి కాసేపు కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గాని ముసలావిడే పెట్టెకి ఒక చెయ్యి పట్టి వీధి మలుపు దాకా సాగనంపింది. తిరిగొచ్చి, గుమ్మంలో కొయ్యలా నిలబడ్డ కొడుకుని పక్కకి జరగమని, "ఒక్కసారి తప్పయిందని అని ఉంటే ఆగేదేమోరా" అంది. "ఆగకపోయినా, నీకు బాగుండేది."

పావురాలు బాగానే ఉన్నాయి. చిన్నోడు చెప్పింది చెప్పినట్టు చేశాడు. పొడి మానలేదు, అక్కర్లేని మందు ముట్టలేదు. డాక్టరమ్మ వచ్చి చూసి భుజం తట్టింది. షెడ్డు మళ్ళీ కువకువలతో నిండింది. చెడిపోయిందంతా బాగుపడింది గాని, బాగుపడ్డ షెడ్డులో అతనికి తోచేది కాదు. సాయంత్రం పూట బట్టీ వీధిలోకి వెళ్ళేవాడు, ఆ గుమ్మం దాకా పోయి, ఏదో పని గుర్తొచ్చినట్టు తిరిగొచ్చేసేవాడు.

ఒక వాన మధ్యాహ్నం మాత్రం ఆగి లోపలికి వెళ్ళాడు. వెచ్చగా ఉంది. వెనకవైపు వదిన మోచేతుల దాకా పిండితో, బట్టీ ఆవిడ ఏదో అంటే తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. అంత గట్టి నవ్వు అన్న పోయాక అతను వినలేదు. వినలేదన్న సంగతి కూడా ఇప్పుడే తెలిసింది. వదిన అతన్ని చూసి, చేతులు దులుపుకుంటూ బల్ల దగ్గరికొచ్చింది.

"ఏం చిన్నోడా, తడిసిపోయావు. పావురాలెలా ఉన్నాయి?"

"బాగున్నాయి."

"అత్తయ్య?"

"బాగుంది."

వెనకాల ఎవరో పిండి కలిపే యంత్రం వేశారు. బల్లలు అదిరేంత చప్పుడు. ఆ చప్పుడులో ధైర్యం వచ్చిందో, ఇక ఆపుకోలేకపోయాడో, చిన్నోడు ఆ మాట అనేశాడు. ఆ రోజు, ఆ మనిషి ముందు, ఎన్నిసార్లు అని ఎందుకన్నాడో తనకే తెలియదని, తప్పయిందని, మొత్తం అనేశాడు. వదిన అతని పెదాలకేసే చూస్తూ చెవి దగ్గరికి తెచ్చింది. యంత్రం ఆగింది.

"ఏమన్నావ్?"

వెనక జనం వరసలో నిలబడి ఉన్నారు. తడి గొడుగులు, ఆకలి మొహాలు.

"ఒక రొట్టె" అన్నాడు. "కాదు, రెండివ్వు."

ఆవిడ ఒక్క క్షణం ఆగి, రెండు వేడి రొట్టెలు కాగితంలో చుట్టి ఇచ్చింది. "చొక్కా లోపల పెట్టుకో, తడుస్తాయి" అంది.

ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అమ్మ కాగితం విప్పింది. "ఇద్దరమే కదరా. రెండెందుకు తెచ్చావ్?"

చిన్నోడు తడి చొక్కాతోనే కూర్చుని, "ఇంకో మాట చెబుదామని వెళ్ళానమ్మా" అన్నాడు. "రొట్టె అడిగాను."

ముసలావిడ కత్తి తెచ్చి, మొదటిది కోసి, రెండోది కూడా కోసి, అతని ముందుకి జరిపింది.